మూల కాలిన గుడ్డ

నా కొడుకు మెట్ల మీద పడి ఉంటే పైన వాళ్ళు నేల కడిగారు. ఇది జరిగింది. దీనికి నాకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. నేను వెళ్ళేసరికి ఆ గదిలో గోడ నుంచి గోడ దాకా తడి. నా చెప్పుల కింద నీళ్ళు చప్పుడు చేశాయి. కడిగినవాళ్ళు గోడకి ఆనుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఎందుకు కడిగారో ఒక్కడి నోటా రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఇంతవరకూ నాకు తెలిసింది ఇదీ. ఒక ఆదివారం మధ్యాహ్నం మా వీధి పిల్లలు, పిల్లలంటే గడ్డాలు గీసుకునే పిల్లలే, మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్ మీద ఉన్న గదిలో పార్టీ పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడికి ఉద్యోగం వచ్చింది. కేకు తెచ్చారు, పాటలు పెట్టారు, బల్ల కింద సీసాలు దాచుకున్నారు. పొద్దు వాలకముందే మావాడు కేకు కోసిన కత్తికి బలైపోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. నెమ్మదిగా నడుస్తాడని వీధంతా తాబేలు అనేది. నేనూ అదే పిలుపు పిలిచేవాణ్ణి. పరిగెత్తడం చేతకానివాణ్ణి పొడవడానికి పెద్ద మగతనం అక్కర్లేదు.

చేతులకి నెత్తురుతో దొరికినవాడు మెకానిక్. బైకులు బాగుచేసుకునే కుర్రాడు, మావాడి స్నేహితుడు. నెత్తురు ఆగుతుందేమోనని గాయాన్ని నొక్కిపట్టుకున్నానన్నాడు. పొడిచింది దొర అన్నాడు. దొర అంటే మా అక్క కొడుకు, మా షాపులోనే పనిచేస్తాడు. చొక్కా నలగకుండా బతుకుతాడని ఆ పేరు. దొర అప్పటికే వెళ్ళిపోయాడని మిగతావాళ్ళంతా ఒకే గొంతుతో చెప్పారు. నా మేనల్లుడి మీద నింద వేస్తావా అని స్టేషన్లో అందరి ముందూ మెకానిక్ చెంప పగలగొట్టాను. వాడి తల్లి వచ్చి మా షాపు ముందు నిలబడితే బకెట్టు నీళ్ళు ఆమె కాళ్ళ మీద గుమ్మరించాను. చేసినవాడి తల్లికి ఆపాటి మర్యాద చాలనుకున్నాను.

రేపు కోర్టు. మెకానిక్కీ మావాడికీ ముందురోజు గొడవైందని నేను బోనెక్కి చెప్పాలి. గొడవైన మాట నిజమే. బండికి వేసిన బ్రేకు గురించి అరుచుకున్నారు. ఆ ఒక్క మాటతో వాడు బయటికి రాకుండా పోతాడని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఆ మాట చెప్పడానికే ఇవాళ మధ్యాహ్నం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను.

మాది లాండ్రీ. ముందు కౌంటరు, దాని మీద గంట. వెనక గదిలో రెండు మిషన్లు, ఒక సిమెంటు తొట్టి. మధ్యలో ఇస్త్రీ బల్ల. బల్ల వెనక గోడకి ఒక అట్టముక్క వేలాడుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు ఫోన్ ఎత్తను అని దాని మీద రాయించాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా చూపు పక్కకి పోయిందంటే ఎవడి బట్టో కాలుతుంది. మా నాన్న పద్ధతి ఇది. మావాడు దీన్ని లెక్కచెయ్యలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ హోటలు వాళ్ళ బల్లగుడ్డ మూల కాల్చాడు. తెల్లగుడ్డ మీద పెట్టె ముక్కు అచ్చు, గోధుమరంగు ఆకులాగ. హోటలు వాళ్ళు మొహాన కొట్టి వెళ్ళారు. నేను తిట్టిన తిట్లకి వాడు తల గోక్కుని, "పోనీలే నాన్నా, మన గుడ్డని మనం గుర్తుపట్టడానికి పనికొస్తుంది" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున దాన్నే చంకలో పెట్టుకుని వెళ్ళాడు. కేకు బల్ల మీద పరుస్తానన్నాడు. తరవాత కేకు బల్ల మీది గుడ్డ ఏదని ఇన్‌స్పెక్టరు అడిగితే, గుడ్డే వెయ్యలేదన్నారు పిల్లలు. వేశారు, నేనే ఇచ్చానన్నాను. ఎక్కడ వెతికినా దొరకలేదు.

చొక్కా కాలరు కింద పెట్టుకోవడానికి మెత్తటి గుడ్డ కావలసి అడుగు అరలోకి చెయ్యి పెట్టాను. పాత దుప్పట్ల కింద ఒక తెల్లగుడ్డ తగిలింది. ఉతికి, గంజి పెట్టి, నాలుగు మడతలు వేసి ఉంది. అంచులన్నీ లోపలికి. బయటివాళ్ళు అలా వెయ్యరు, అది మా ఇంటి మడత. విప్పాను.

మూల కాలి ఉంది.

నేను పెట్టెని పక్కన నిలబెట్టాను. స్విచ్ ఆపాను. ఆ ఆకు మచ్చ మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాను. నా కొడుకుతో వెళ్ళిన గుడ్డ నా కొడుకు లేకుండా తిరిగొచ్చింది. తనంతట తాను ఉతుక్కుని, ఆరేసుకుని, అరలోకి ఎక్కిందంటే నేను నమ్మను.

అప్పుడే అక్క క్యారియరు పట్టుకుని వచ్చింది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నా భార్య పోయిన నాటినుంచి మధ్యాహ్నం భోజనం ఆమె ఇంటినుంచే.

"ఇంకా తినలేదా? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. చొక్కా నేను చేస్తాలే, నువ్వు చెయ్యి కడుక్కో. మెడ దగ్గర ముడతలు ఉంచావు చూడు. కోర్టులో అందరూ నీ మెడే చూస్తారు."

"ఎవరి మెడ చూడాలో తేలాక చూస్తార్లే. ఇలా రా అక్కా."

"ఏంటి?"

"ఈ గుడ్డ ఎప్పుడొచ్చింది?"

ఆమె గుడ్డ వైపు చూడలేదు. క్యారియరు గిన్నెలు విడదీస్తూ ఉంది. "హోటలు వాళ్ళదేమో."

"ఇప్పుడొచ్చే హోటలు గుడ్డకి మావాడు పెట్టిన వాత ఉంటుందా?"

"అయితే పాతదేమోరా. ఎన్నాళ్ళనుంచో అడుగున పడి ఉంటుంది. ఇప్పుడు దాని గొడవ దేనికి, అన్నం చల్లారిపోతుంది."

"ఆదివారం వాడు దీన్ని తీసుకెళ్తుంటే నువ్వు ఈ కౌంటరు దగ్గరే ఉన్నావు. మరకలు చేసి తెచ్చావంటే నీ చేతే ఉతికిస్తాను తాబేలూ అన్నావు. వాడు నవ్వాడు. గుర్తుందా?"

గిన్నె మూత ఆమె చేతిలోంచి జారి నేలమీద గిరగిరా తిరిగింది.

"ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు?"

"ఇంట్లోనేరా. నువ్వొచ్చి చెప్పేదాకా నాకేం తెలుసు?"

"వాడి శవం కోసం నేను ఆసుపత్రి గుమ్మంలో కూర్చున్న రెండు రోజులూ షాపు మూసే ఉంది. తాళాలు మూడు. ఒకటి నా మొలతాడుకి ఉంది. ఒకటి వాడి జేబులో దొరికితే పోలీసులు పట్టుకెళ్ళారు. మూడోది ఎవరి కొంగున ఉంది?"

ఆమె కొంగు పట్టుకుంది. చెయ్యి తనంతట తానే అక్కడికి పోయింది. చూసుకుని వదిలేసింది. తరవాత స్టూలు మీద కూర్చుంది. కూర్చోవడం కాదు, కూలబడింది.

"కాల్చేద్దామనుకున్నాన్రా," అంది. "పొయ్యి దాకా తీసుకెళ్ళాను. అగ్గిపుల్ల గీశాను. చెయ్యి రాలేదు. మన ఇంట్లో గుడ్డని కాల్చడం ఎప్పుడన్నా ఉందా? చిరిగితే మసిగుడ్డ చేస్తాం, మసిగుడ్డ చిరిగితే వత్తి చేస్తాం. పారేద్దామని వెళ్ళి కూడా తిరిగొచ్చాను. అందుకని నానబెట్టాను."

"దేంట్లో?"

"నీకు తెలీదా?"

తెలుసు. చన్నీళ్ళు, ఉప్పు. వేణ్ణీళ్ళు తగిలితే నెత్తురు గుడ్డని పట్టుకుని వదలదు. కాలవగట్టున అమ్మ మా ఇద్దరికీ ఒకే రోజు నేర్పింది. ఇంకెవడి చేతిలో పడ్డా ఆ గుడ్డ బూడిదయ్యేది. మా అక్క చేతిలో పడింది కాబట్టి మల్లెపువ్వులా తెల్లబడి, గంజి పెట్టించుకుని, అరలో కూర్చుంది.

"నేల కడగమన్నది నువ్వేనా?"

"పిల్లలు వణికిపోతున్నార్రా. ఒక్కొక్కడు ఒక్కో మూల. ఆ ఉద్యోగం వచ్చినవాడైతే వాంతి చేసుకున్నాడు. దొర ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చాను. గోడవార చొక్కా విప్పేసి కూర్చున్నాడు నా కొడుకు. అమ్మా, అమ్మా అంటున్నాడు, ఇంకో మాట లేదు. నాకేం తోచలేదు. నీళ్ళు తెండి అన్నాను. ఎవరికో ఒకరికి చెప్పాలిగా ఏదో ఒకటి. బల్ల మీది గుడ్డ లాగి నెత్తురు తుడిచి, దొరని వెనక మెట్లనుంచి పంపేశాను. వాడు ముందే వెళ్ళిపోయాడని చెప్పండి నాన్నా, మీ అందరికీ అన్నం పెట్టినదాన్ని, అని దణ్ణం పెట్టాను."

"ముందు మెట్లమీద నా కొడుకున్నాడు."

ఆమె వంగి గిన్నె మూత ఏరుకుంది.

"నువ్వు ఎక్కింది ఏ మెట్లు?"

"ఒరేయ్, వద్దురా."

"ఏ మెట్లు అక్కా?"

"ముందువే."

"అప్పటికి వాడికి ప్రాణం ఉందా?"

కౌంటరు ముందు ఎవరో వచ్చి గంట కొట్టారు. ఇద్దరం కదల్లేదు. వాళ్ళు ఇంకోసారి కొట్టి, తిట్టుకుని వెళ్ళిపోయారు.

"ఉంది," అంది అక్క. "మెకానిక్ ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాడు. మెకానిక్ అంబులెన్సు అంబులెన్సు అని అరుస్తున్నాడు. తాబేలు నన్ను చూశాడు. అత్తా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వస్తున్నా నాన్నా, ఒక్క నిమిషం, అన్నాను."

ఒక్క నిమిషం. బట్టలు ఆలస్యమైతే కౌంటరు దగ్గర గిరాకీకి చెప్పే మాట. నా కొడుక్కి ఆ మాటే చెప్పి, వాడి పక్కనుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పైకెక్కింది. కిందకి దిగేసరికి ఆ నిమిషం అయిపోయింది.

"దేనికి పొడిచాడు?"

"షాపు గురించే. తాబేలు నవ్వుతూ అన్నాడట, నాన్న షాపు నాకిచ్చేశాడు, రేపట్నుంచి బావా నువ్వు నా దగ్గర జీతగాడివి, అని. ఆటకే అన్నాడు. అందరూ పగలబడి నవ్వారట. దొర కూడా నవ్వాడట. నవ్వి, బయట వరండాలోకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడట. మాట్లాడి లోపలికి వచ్చేసరికి మొహం మొహంలా లేదట. అవతల ఎవరు, ఏమన్నారు అని ఎన్నిసార్లు అడిగానో. గోడ చూస్తాడు గానీ నోరు విప్పడు. ఆ ఫోనే చెయ్యకపోతే..."

"ఫోన్ సంగతి నాకు అనవసరం," అన్నాను. "కత్తి పట్టింది ఫోన్ కాదు."

ఆమె లేచి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నేను వెనక్కి జరిగాను.

"తమ్ముడూ, పోయినవాణ్ణి మనం తేలేం. నాకున్నది వీడొక్కడే. మీ ఆవిడ పోయినప్పుడు తాబేలుకి పళ్ళు కూడా రాలేదు. ఎవరు పెంచారు వాణ్ణి? నా కొడుకు నోటి దగ్గర ముద్ద నీ కొడుకు నోట్లో పెట్టాను. చెప్పు, పెట్టానా లేదా?"

"పెట్టావు. పెట్టిన నోటికి చివర్న నీళ్ళు పొయ్యలేదు. నేలకి పోశావు."

"అంత మాట అంటావా?"

"ఇంకా తక్కువే అన్నాను."

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందిరా. మన ఇంటి సంగతి మనమే వీధిలో పెట్టుకుంటామా?"

"నా కడుపు చించింది ఎవరు? నీ కొడుకు. కాళ్ళమీద పడింది తుడిచింది ఎవరు? నువ్వు. ఇంకా చించుకోవడానికి నా దగ్గరేముంది? ఎవరి కొడుకో చెయ్యని పాపానికి లోపలున్నాడు. వాణ్ణి నేను కొట్టాను. నీ ముందే కొట్టాను. నా భుజం పట్టుకుని, ఇంకొకటి వెయ్యి అన్నావు."

అది ఆమె మర్చిపోయినట్టుంది. నేను మర్చిపోలేదు. ఇక మర్చిపోను.

గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. ఆమె రెండో కొస పట్టుకుంది. పెద్ద దుప్పట్లు ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మడతపెట్టడం మాకు చిన్ననాటి అలవాటు. గట్టిగా లాగి, దులిపి, ఒకరి ముందుకి ఒకరు నడిచి కొసలు కలుపుతాం. ఎన్ని వేల దుప్పట్లు అలా కలిపామో. ఇవాళ ఇద్దరం లాగాం గానీ ఎవరూ ముందుకి నడవలేదు. గుడ్డ తాడులా బిగుసుకుంది. కాలిన మూల ఆమె వైపు ఉంది. అక్కడ నేత బలం లేదు. పర్రుమని చిరిగింది. ఆకు మచ్చ ఆమె గుప్పిట్లో ఉండిపోయింది.

"అది కూడా ఇటివ్వు," అన్నాను.

ఇచ్చింది. "నా మొహం చూసైనా ఆగరా" అంది.

"నీ మొహం చూసే ఇన్నాళ్ళు మోసపోయాను."

అన్నం గిన్నెలు అలాగే ఉన్నాయి. షట్టరు వెయ్యలేదు. నడిచి వెళ్ళిపోయాను.

స్టేషన్ వరండాలో బల్లమీద మెకానిక్ తల్లి కూర్చుని ఉంది. నన్ను చూడగానే కాళ్ళు పైకి ముడుచుకుంది. నేను మళ్ళీ నీళ్ళు పోస్తాననుకుందో ఏమో. ఆమెకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. లోపలికి వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు నా గిరాకీయే. ఆయన ప్యాంటు మడత కత్తిలా నిలబడి ఉంది, నేను పెట్టిందే. గుడ్డ బల్లమీద పరిచి, చిరిగిన ముక్క దాని పక్కన పెట్టి, అక్క చెప్పిందంతా చెప్పాను. దాచలేదు, మెత్తబరచలేదు. చన్నీళ్ళు చెప్పాను, వెనక మెట్లు చెప్పాను, ఒక్క నిమిషం అన్న మాట చెప్పాను. ఆయన మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ అక్క కోర్టులో ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదు."

"ఆ పిల్లలు?"

"ఆమె పెట్టిన అన్నం తిన్నారు. మావాడిదీ తిన్నారనుకోండి. పోయినవాడికి విశ్వాసం చూపించి ఏం లాభం?"

ఆయన గుడ్డని వేలితో అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగా ఉతికింది పెద్దాయనా. అదే కష్టం. ఉతికిన గుడ్డ కోర్టులో ఉతికిన గుడ్డే. దొరకి అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పేవాళ్ళు కావాలి. సరదాగా అన్న మాటకి బావమరిదిని పొడిచేశాడంటే జడ్జి నమ్మడు. నేనే నమ్మను."

నేను చిరిగిన ముక్కని మూలకి సరిగ్గా ఆనించి పెట్టాను.

"మీ అక్క మెట్లెక్కిందని మెకానిక్ మొదటిరోజే చెప్పాడు, ఇంకో మాట కూడా చెప్పాడు," అన్నాడాయన. "అప్పుడు తప్పించుకోవడానికి కల్లబొల్లి అల్లుతున్నాడనుకున్నాను. దొర వరండాలో ఫోన్ మాట్లాడుతున్నప్పుడు వీడు పక్కనే సిగరెట్టు కాలుస్తున్నాడట. 'మామయ్యా, వాడన్నది నిజమేనా, ఇన్నేళ్ళు చాకిరీ చేసిన నేనెవర్ని మరి?' అని అడిగాడట దొర. అవతలి మనిషి ఏదో చెప్పాడట. దొర ఇంక ఒక్క మాట కూడా తిరిగి అనలేదట. ఫోన్ జేబులో పెట్టుకుని సరాసరి కేకు దగ్గరికి నడిచాడట."

కుర్చీ వెనక్కి వాల్చి నా వైపు చూశాడు.

"దొరకి ఎంతమంది మామయ్యలు?"

"నేనొక్కణ్ణే."

"నేను ఎన్నిసార్లు ఫోన్ చేశాను మీకు, నా యూనిఫాం గురించి? ఒక్కసారీ ఎత్తలేదు. గోడమీద బోర్డు కూడా పెట్టుకున్నారు. ఆ రోజు ఎత్తారు. ఏమన్నారు పెద్దాయనా మీ మేనల్లుణ్ణి?"

వెనక చప్పుడైంది. మెకానిక్ తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. తలుపు చెక్కని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. చెంప దెబ్బ కొట్టినప్పుడు ఆమె కొడుకు చూసిన చూపే చూస్తోంది.

"ఆ మాటేదో చెబితే ఈమె కొడుకు రేపు ఇంటికెళ్తాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చెప్పకపోతే లోపలికెళ్తాడు. అంతే."

ఉతికిన గుడ్డ నా ముందు తెల్లగా ఉంది. నేను దాన్ని మడతపెట్టాను. అంచులన్నీ లోపలికి.

"అక్క సంగతి చెప్పాను. దొర సంగతి చెప్పాను," అన్నాను. "ఫోన్ సంగతి అడక్కండి. ఇవాళ చెప్పను. రేపు బోనెక్కించినా చెప్పను. చచ్చేదాకా ఆ మాట ఇంకోసారి నా నోట రాదు."